గుర్రాలు బెదిరిన రోజు

1914 ఆగస్టు. మొదటి ప్రపంచ యుద్ధం అప్పుడే మొదలైంది. రష్యా సరిహద్దు పక్కనున్న గలీషియా మైదానాల్లో ఎండ మండిపోతోంది. శత్రువు జాడ కనిపెట్టి రమ్మని ఆస్ట్రియా–హంగరీ చక్రవర్తి పంపిన గుర్రపు దళాలు బయల్దేరి ఎన్నాళ్లో కాలేదు, అప్పుడే వెనక్కి వచ్చేస్తున్నాయి. చాలామంది రౌతులు గుర్రాల మీద లేరు. కళ్లెం చేతపట్టుకుని, దుమ్ములో, వాటి పక్కన నడుస్తున్నారు. జీను ఆనే చోట గుర్రాల వీపు తోలు ఊడిపోయి పచ్చిపుండ్లు పడ్డాయి. కవాతులో రౌతు నిటారుగా, దర్జాగా కనిపించాలని తయారుచేసిన జీను అది. మీద కూర్చున్నవాడి దర్జా చూశారు గాని, కింద మోసే జీవం వీపు చూడలేదు.

వెళ్లినవి 10 అశ్వదళ డివిజన్లు. సుమారు 400 కిలోమీటర్ల వెడల్పున సరిహద్దు దాటి, శత్రు భూభాగంలోకి చాలా లోతుగా చొచ్చుకుపోయి, మూడు సంగతులు తెలుసుకుని రావాలి. రష్యా సైన్యం ఎక్కడుంది, ఎంతుంది, ఎటు కదులుతోంది. తెచ్చిన కబురు లేదనే చెప్పాలి. ఆ తరవాత కొద్ది వారాల్లోనే ఆ సామ్రాజ్యం గలీషియాలో దాదాపు 4 లక్షల మందిని పోగొట్టుకుంది. అందులో సుమారు లక్షమంది బందీలు.

ఈ ఓటమిని చరిత్రకారులు చాలా రకాలుగా చెప్పారు. నా మనసు మాత్రం అంతకు ఎనిమిదేళ్ల వెనక్కి పోతుంది. గుర్రం చేయలేని ఆ పనికి, అంటే తూటాలకు జంకకుండా ముందుకు వెళ్లి, చూసి, తిరిగొచ్చి చెప్పడానికి, అదే రాజ్యంలో అప్పటికే ఒక బండి తయారై ఉంది. దాన్ని చక్రవర్తి ముందు నడిపి చూపించారు కూడా. గుర్రాలు బెదిరాయి. బండిని పంపేశారు.

వియన్నాకు దక్షిణాన వీనర్ నాయ్‌స్టాట్ అనే ఊరుంది. సైనికాధికారులను తయారుచేసే పేరున్న అకాడమీ ఆ ఊళ్లోనే ఉంది. 1899లో అక్కడే ఆస్ట్రో-డైమ్లర్ కార్ల ఫ్యాక్టరీ పెట్టారు. 1902లో దాని సాంకేతిక బాధ్యత పౌల్ డైమ్లర్ చేతికొచ్చింది. పెట్రోలు ఇంజనుకు రూపమిచ్చినవాళ్లలో ఒకడైన గోట్లీబ్ డైమ్లర్ పెద్ద కొడుకు ఈయన. తండ్రి పోయి అప్పటికి రెండేళ్లు. మహానుభావుడి కొడుకుగా పుట్టినవాడు ఎంత చేసినా తండ్రి ఖాతాలోకే పోతుంది. పౌల్ కూడా ఆ బరువు మోస్తూనే బతికాడు. అయినా వీనర్ నాయ్‌స్టాట్‌లో ఆయన చేసిన ఒక పని మాత్రం పూర్తిగా ఆయనదే.

1905 నాటికి అది పూర్తయింది. చూడ్డానికి వింతగా ఉండేది. ముందు ఇంజను, దాని మీద ఉక్కురేకు మూత. వెనక డ్రైవరూ పక్కవాడూ కూర్చునే పెట్టె. ఆ వెనక అర్ధగోళం లాంటి గుమ్మటం, అందులో మాక్సిమ్ మరతుపాకి. గుమ్మటం గుండ్రంగా అన్ని దిక్కులకూ తిరుగుతుంది. బరువు సుమారు మూడు టన్నులు. ఉక్కు మందం 3, 4 మిల్లీమీటర్లకు మించదు. ఫిరంగి గుండు ముందు అది ఆగదు. దూరం నుంచి వచ్చే తూటాని ఆపడానికే దాన్ని కట్టారు. ఇంజను శక్తి నాలుగు చక్రాలకూ అందుతుంది. ఆ రోజుల్లో కార్లలో చాలా వాటికి శక్తి వెనక చక్రాలకే అందేది. దారి తప్పి పొలంలోకి దిగితే అవి కూరుకుపోయేవి. పౌల్ డైమ్లర్ బండి మెత్తటి నేల మీద కూడా నాలుగు చక్రాలతో లాక్కుని పోవాలని కట్టింది.

వీటన్నిటికన్నా నన్ను ఆకట్టుకున్నవి ఆ సీట్లు. డ్రైవరు సీటూ పక్కవాడి సీటూ పైకి లేస్తాయి, కిందికి దిగుతాయి. శత్రువు దగ్గర్లో లేనప్పుడు సీటు పైకెత్తుకుంటే తలలు పైకప్పు దాటి బయటికి వస్తాయి. చుట్టుపక్కల మైళ్ల దూరం చూసుకుంటూ పోవచ్చు. తుపాకి చప్పుడు వినబడగానే సీటు కిందికి దించి, తలుపు మూసి, సన్నటి చీలికలోంచి దారి చూసుకుంటూ నడపాలి. కొట్లాట ఒక్కటే పనిగా పెట్టుకున్న బండిలో ఇంత శ్రద్ధగా సీటు గురించి ఆలోచించరు. ఆయన కట్టింది కదిలే బురుజు. బురుజుకి మొదటి పని కనిపెట్టుకుని ఉండడం. రాజు చారుల కళ్లతో చూస్తాడని మన నీతిగ్రంథాలు ఏనాడో చెప్పాయి. ఆ కళ్లకు ఉక్కు రెప్పలు తొడగాలని చూసినవాడు పౌల్ డైమ్లర్.

ఆయనొక్కడే కాదు. ఆ కాలంలో యూరప్ అంతటా అక్కడక్కడా కొందరికి ఇదే తోచింది, అందరికీ ఇంచుమించు ఇదే గతి పట్టింది. ఇంగ్లండ్‌లో ఫ్రెడరిక్ సిమ్స్ 1899లోనే నాలుగు చక్రాల మోటారు సైకిలుకి మాక్సిమ్ తుపాకి బిగించి, దానికొక ఉక్కు డాలు పెట్టి, రిచ్‌మండ్‌లో జనానికి చూపించాడు. వేగుబండి అనే అర్థమొచ్చే పేరే దానికి పెట్టుకున్నాడు. ఆ తరవాత వికర్స్ కంపెనీ చేత ఓడ ఆకారంలో పెద్ద యుద్ధబండి కట్టించి 1902లో లండన్ క్రిస్టల్ ప్యాలెస్‌లో ప్రదర్శించాడు. ఈ సిమ్స్, గోట్లీబ్ డైమ్లర్‌కి మిత్రుడు. ఆయన ఇంజన్లను బ్రిటన్‌కి తీసుకెళ్లినవాడు. బ్రిటిష్ సైన్యం చూసింది, ఊరుకుంది. ఒక్క బండితోనే ఆ ముచ్చట ముగిసింది.

రష్యాలో మిహాయిల్ నకషిద్జె కథ ఇంకా బాధ పెడుతుంది. జార్జియా కులీన వంశస్థుడు, రష్యా సైన్యంలో అధికారి. 1904–05లో మంచూరియాలో జపాన్‌తో జరిగిన యుద్ధంలో ఉన్నాడు. గుర్రం మీద వెళ్లి కబురు తెచ్చే కాలం చెల్లిపోతోందని అక్కడే అర్థమైంది ఆయనకి. ఫ్రాన్స్‌లోని షరోన్, జిరార్దో, వ్వా కంపెనీ ఉక్కు కార్లు చేస్తోంది. రష్యా వాటిలో ఒకటి తెప్పించేట్టు ఈయన పట్టుబట్టాడు. బండి వచ్చింది, పరీక్షలు మొదలయ్యాయి. 1906 ఆగస్టులో ఒకనాడు ఆయన ప్రధానమంత్రి స్తొలీపిన్‌ని కలవడానికి పీటర్స్‌బర్గ్ పక్క దీవిలో ఉన్న ఆయన ఇంటికి వెళ్లాడు. చూడవచ్చిన జనంతో ఇల్లు నిండి ఉంది. విప్లవకారులు బాంబులతో వచ్చింది సరిగ్గా ఆ రోజే. ఇంటి ముందు భాగం కూలిపోయింది. స్తొలీపిన్ బతికాడు. నకషిద్జె బతకలేదు. తన మనుషులను తూటాల నుంచి కాపాడే బండి కోసం ఏళ్ల తరబడి తిరిగినవాడు, యుద్ధభూమి కాని చోట, ఏ కవచమూ లేకుండా పోయాడు. ఆయనతోపాటే ఆ ఆలోచనని మోసే భుజం కూడా పోయింది. రష్యా మళ్లీ ఉక్కు కార్ల కోసం పరిగెత్తింది 1914లో యుద్ధం వచ్చాకే.

అదే 1906లో ఆస్ట్రియా సైనిక విన్యాసాల్లో పౌల్ డైమ్లర్ బండిని చక్రవర్తి ఎదుట నడిపారు.

ఫ్రాన్స్ జోసెఫ్‌కి అప్పటికి 76 ఏళ్లు. గద్దెనెక్కి దాదాపు 58 ఏళ్లు. రోజూ తెల్లారకముందే లేచి కాగితాల ముందు కూర్చునే మనిషి. తమ్ముడు మాక్సిమిలియన్‌ని మెక్సికోలో కాల్చి చంపారు. ఒక్కగానొక్క కొడుకు రుడాల్ఫ్ 1889లో తన ప్రాణం తనే తీసుకున్నాడు. భార్య ఎలిజబెత్‌ని 1898లో జెనీవాలో ఒక హంతకుడు పొడిచి చంపాడు. ఆ ముసలాయనకి మారకుండా మిగిలినవి కొన్నే. సైన్యం వాటిలో ఒకటి. ఆ సైన్యంలో ఆయన కంటికి ఇంపైనది గుర్రపు దళం. మిగతా దేశాలు మట్టిరంగు, బూడిదరంగు దుస్తుల్లోకి మారిపోతుంటే ఆయన రౌతులు నీలం కోటు, ఎర్ర లాగుతోనే ఉన్నారు.

విన్యాసాల మైదానంలో ఆ రోజు చక్రవర్తి, ఆయన పరివారం గుర్రాల మీద ఉన్నారు. బండి వచ్చింది. ఇంజను మోత, పొగ, ఉక్కు గణగణ. పరివారంలోని గుర్రాలు బెదిరి చిందరవందరగా చెదిరిపోయాయి. ఎంతో ఓర్పున్న మనిషి అంటారు గాని, ఆ పూట చక్రవర్తికి చిరాకు కలిగింది. ఇది సైన్యానికి పనికిరాదన్నది ఆయన నిర్ణయం. ఆ మాట మీద మరో మాట అనగలిగినవాడు ఆ మైదానంలో లేడు.

ఆయన్ని తప్పుపట్టడం తేలిక. నాకది ఇష్టం లేదు. గుర్రం బెదిరితే రౌతు పడతాడు, పరివారం ముందు అది పరువు సంగతి. ఆ బండికి లోపాలున్న మాటా నిజమే. మూడు టన్నుల బరువుని ఆ సన్నటి చక్రాలు వాన పడ్డ మట్టిదారిలో మోయలేవు. ఉక్కు పలచన. ఇంజను ఎక్కడ మొరాయిస్తుందో తెలియదు. ఇవి చూపించి తిప్పి పంపి ఉంటే బాధ లేదు. సరిచేసుకుని రమ్మని అనొచ్చు, ఇంకో ఏడాది గడువివ్వొచ్చు. ఆనాడు జరిగింది అది కాదు. తీర్పు చెప్పింది గుర్రాలు.

పైగా కొత్త ఆయుధాన్ని కాదనుకుంటే ఏమవుతుందో ఆ చక్రవర్తికి తెలిసినంతగా యూరప్‌లో ఇంకెవరికీ తెలియదు. 1866 జూలై 3న కోనిగ్‌గ్రేట్స్ దగ్గర ప్రష్యా సైనికుడు నేల మీద పడుకునే తుపాకి వెనక భాగంలోంచి తూటా ఎక్కించి కాల్చాడు. ఆస్ట్రియా సైనికుడు లేచి నిలబడి గొట్టం ముందు నుంచి మందు కూరాల్సి వచ్చింది. వాడు ఒకటి పేల్చేలోగా ఎదుటివాడు నాలుగైదు పేల్చాడు. ఒక్క రోజులో 40,000 మందికి పైగా పోయారు, పట్టుబడ్డారు. జర్మన్ రాజ్యాల మీద ఆయన హాబ్స్‌బర్గ్ వంశానికున్న పెద్దరికం ఆ రోజుతో పోయింది. ఆ దెబ్బ తిన్న మనిషే నలభై ఏళ్ల తరవాత ఇంకో కొత్త వస్తువు ఎదురుగా వచ్చి నిలబడితే గుర్తుపట్టలేకపోయాడు. నన్ను కలచివేసేది ఇదే.

పౌల్ డైమ్లర్ ఆ రోజుల్లోనే ఊరు విడిచి జర్మనీకి తిరిగి వెళ్లిపోయాడు. వీనర్ నాయ్‌స్టాట్‌లో ఆయన కుర్చీలోకి ఫెర్డినాండ్ పోర్షే అనే ముప్పై ఏళ్ల ఇంజనీరు వచ్చాడు. ఆ పేరు ఈ రోజు అందరికీ తెలుసు.

ఆ సైన్యానికి మోటారంటే గిట్టదని అనుకోకూడదు. అదే ఫ్యాక్టరీలో అదే పోర్షే చేతుల మీదుగా స్కోడా 30.5 సెంటీమీటర్ల భారీ మోర్టార్లను లాగే ట్రాక్టర్లు తయారయ్యాయి. సైన్యం సంతోషంగా కొనుక్కుంది. 1914 ఆగస్టులో ఆ మోర్టార్లు అరువు మీద జర్మన్ల వెంట బెల్జియం వెళ్లి నమూర్ కోటలను బద్దలు కొట్టాయి. సరిగ్గా ఆ రోజుల్లోనే గలీషియాలో రౌతులు పుండ్లు పడ్డ గుర్రాలను నడిపించుకుంటూ వస్తున్నారు. బరువు లాగడానికి ఇంజను కావాలన్నారు. చూసి రావడానికి మాత్రం వద్దన్నారు. బరువు మోత కూలిపని, దాన్ని యంత్రానికి వదిలేయొచ్చు. వేగుపోవడం మాత్రం కులీనుల పని, తాతల నాటి నుంచి గుర్రమెక్కినవాడి హక్కు. దాన్ని నూనె మరకల మెకానిక్కుకి ఎలా అప్పజెబుతారు? నా లెక్కలో ఆ బండిని ఓడించింది ఈ ఆలోచనే. గుర్రాల బెదురు ఒక సాకు అయింది, అంతే.

ఆ బండిని చూసి బెదరనివాడు ఒకడున్నాడు. గుంటర్ బుర్‌స్టిన్. సైన్యంలో ఇంజనీరు అధికారి. 1903లో అడ్రియాటిక్ తీరంలో పోలా నౌకాస్థావరంలో టార్పెడో పడవ ఎక్కినప్పుడు, ఇలాంటిది నేల మీద నడిస్తే ఎలా ఉంటుందన్న ఊహ పుట్టిందట. 1905లో వియన్నాలో కార్ల ప్రదర్శన జరిగింది. పౌల్ డైమ్లర్ ఉక్కు బండి అక్కడుంది. బుర్‌స్టిన్ దాని ముందు నిలబడి చూశాడు. మిగతావాళ్లకి గుమ్మటం కనబడింది, తుపాకి కనబడింది. ఆయనకు చక్రాలు కనబడ్డాయి. ఈ చక్రాలు రోడ్డు విడిచి ఎంతో దూరం పోలేవు, కందకం అడ్డం వస్తే దాటలేవు. వేరే కాళ్లు కావాలి.

ఆరేళ్లు ఆ ఆలోచన ఆయన్ని వదల్లేదు. 1911లో నమూనా గీసి యుద్ధ మంత్రిత్వ శాఖకి పంపాడు. చక్రాల స్థానంలో నేలను పట్టుకుని పాకే గొలుసుపట్టాలు. పైన తిరిగే గుమ్మటంలో చిన్న ఫిరంగి. ముందూ వెనకా చాచిన చేతులు, వాటి ఊతంతో కందకం దాటేస్తుంది. మరో అయిదేళ్లకి ఫ్రాన్స్ పొలాల్లో ఇంగ్లిష్‌వాళ్లు దించిన ట్యాంకుకి ఇది ముందుగా పుట్టిన అన్న. కొన్ని విషయాల్లో దానికన్నా తెలివైనది కూడా. మంత్రిత్వ శాఖ కాదనలేదు. సైన్యానికి ఖర్చు లేకుండా నువ్వే ఎవరిచేతనైనా చేయించి తెస్తే పరీక్షిస్తామంది. జీతం మీద బతికే చిన్న అధికారి ట్యాంకు చేయించే డబ్బు ఎక్కణ్ణుంచి తెస్తాడు? జర్మనీని అడిగాడు. అక్కడా చుక్కెదురైంది. 1912లో పేటెంటు మాత్రం చేతికొచ్చింది. కొన్నాళ్లకి దాన్ని పొడిగించుకునే స్తోమత కూడా లేకపోయింది.

ఈలోగా బయట కాలం ఆగలేదు. 1912లో ఇటలీ సైన్యం లిబియాలో ఉక్కు కార్లు దించింది. 1908లో ఇష్ల్ విడిదిలో ఇంగ్లండ్ రాజు ఎడ్వర్డ్ బలవంతం మీద ఫ్రాన్స్ జోసెఫ్ కూడా ఒకసారి కారెక్కాడు, అది వేడుకలాగే జరిగిపోయింది. 1913 మేలో ఇంకో పిడుగు పడింది. సైనిక గూఢచార విభాగంలో పెద్ద స్థానంలో పనిచేసిన కల్నల్ ఆల్ఫ్రెడ్ రేడ్ల్ ఏళ్ల తరబడి రష్యాకి రహస్యాలు అమ్ముతున్నాడని బయటపడింది. వియన్నా హోటల్ గదిలో అతని చేతికి పిస్తోలిచ్చి వదిలేశారు. అతనితో ఆ కథ మూసేయాలనుకున్నారు. ఒక కన్ను శత్రువుకి అమ్ముడుపోయింది. రెండో కన్ను గుర్రపు దళం. యుద్ధం వచ్చింది.

ఆగస్టు 21న యారొస్లావిత్సె అనే పల్లె దగ్గర ఆస్ట్రియా 4వ అశ్వదళ డివిజన్, కౌంట్ కెల్లర్ నడిపిన రష్యా 10వ అశ్వదళ డివిజన్ ఎదురుపడ్డాయి. ఆ పల్లె ఇప్పుడు ఉక్రెయిన్‌లో ఉంది. రెండు వైపులా వేల గుర్రాలు, కోతకొచ్చిన చేల మధ్య, బల్లేలు, కత్తులు. నెపోలియన్ కాలం నాటి చిత్రం ఫ్రేములోంచి లేచొచ్చినట్టు ఒకరిలోకి ఒకరు దూసుకుపోయారు. ఎర్ర లాగులు, నీలం కోట్లు, నెత్తిన మెరిసే శిరస్త్రాణాలు. దుమ్ములో ఎవరు ఎవరో తెలియని పెనుగులాట. ఆ యుద్ధంలో జరిగిన పెద్ద అశ్వదళ పోరాటాల్లో ఇదొకటి. యూరప్ మళ్లీ అలాంటివి ఎక్కువ చూడలేదు. ఆస్ట్రియా దళం ఫిరంగులు కూడా వదిలేసి వెనక్కి తగ్గింది.

ఆ రౌతులు పిరికివాళ్లు కారు. హంగరీ మైదానాల పిల్లలు, గలీషియా పోల్ యువకులు, బొహీమియా చెక్‌లు, వియన్నా కులీనుల కొడుకులు, ఒకే జీను మీద పెరిగినవాళ్లు. వాళ్లకి అప్పజెప్పిన పని శత్రువు పదాతిదళం గీత దాటి అవతలికి చూడడం. ఆ గీతలో కూర్చున్న రష్యా సైనికుడికి కొట్లాట అక్కర్లేదు, గుర్రాన్ని గురిచూస్తే చాలు. రౌతులు వెళ్లిన ప్రతి చోటా రైఫిళ్లు, మరతుపాకులు వాళ్లని ఆపేశాయి. వాళ్లు ఆగిపోయిన గీత వెనకే తూర్పు నుంచి రెండు రష్యా సైన్యాలు దిగుతున్నాయి. ఆస్ట్రియా జనరల్ స్టాఫ్ అధిపతి కాన్రాడ్ వాటి బలాన్ని చాలా తక్కువగా అంచనా వేశాడు. తన బలాన్నంతా ఉత్తరానికి తోశాడు. ఈ కాన్రాడ్ 1906 చివర్లో, బండిని తోసిపుచ్చిన ఆ ఏడాదే, ఆ పదవికొచ్చినవాడు.

సెప్టెంబర్ 3న రష్యన్లు లెంబర్గ్‌లో అడుగుపెట్టారు. ఈనాటి లివీవ్ నగరం అదే. ఆ తరవాత కొద్ది రోజులకే రావా రుస్కా దగ్గర కాన్రాడ్ కొడుకు హెర్బర్ట్ చనిపోయాడు.  ఆ యుద్ధం కావాలని ఏళ్ల తరబడి పట్టుబట్టిన మనిషి కాన్రాడ్. అయినా ఆ పేజీ దగ్గరికి వచ్చేసరికి ఆయన మీద కోపం నిలవదు.

అదే నెలల్లో ఫ్లాండర్స్‌లో ఏం జరుగుతోందో ఒక్క మాట చెప్పాలి. బెల్జియన్లు తమ మినెర్వా కార్లకి ఉక్కురేకులు బిగించి జర్మన్ గస్తీల వెంట పడుతున్నారు. డన్‌కర్క్‌లో బ్రిటిష్ నౌకాదళ విమానాల అధిపతి చార్లెస్ శామ్సన్, కూలిన పైలట్లను వెనక్కి తెచ్చుకోవడానికీ, దారులు చూసి రావడానికీ మోటారు కార్లు తీసుకుని, పక్క ఓడల ఫ్యాక్టరీ నుంచి బాయిలరు రేకులు తెచ్చి బిగించాడు. ఆ ఏడాది చివరికల్లా రోల్స్‌రాయిస్ కార్ల మీద గుమ్మటాలు వచ్చాయి. తొమ్మిదేళ్ల ముందు వీనర్ నాయ్‌స్టాట్‌లో తయారైన బండి రూపురేఖలే అవన్నీ. ముందు ఇంజను, వెనక తిరిగే గుమ్మటం, చీలికలోంచి చూసే కన్ను.

ఆస్ట్రియా చేతులు కాలాక ఆకులు పట్టుకుంది. 1915లో యూనోవిచ్ అనే కెప్టెన్ లారీల మీద ఉక్కు పెట్టెలు కట్టించాడు. అవి వేళ్ల మీద లెక్కపెట్టేటన్ని. అదే ఏడాది బుడాపెస్ట్‌లో రొమానిచ్ అనే కెప్టెన్, ఫెల్నర్ అనే లెఫ్టినెంట్ కలిసి ఇంకొకటి కట్టారు. ఇద్దరి పేర్లూ కలిపి దానికి రోమ్‌ఫెల్ అని పెట్టుకున్నారు. నున్నగా ఏటవాలుగా ఉన్న దాని ఉక్కు గోడలు చూస్తే ఇప్పటికీ ముచ్చటేస్తుంది. ఏం లాభం, అప్పటికి యుద్ధం కందకాల్లోకి దిగిపోయింది. చక్రాల బండి వెళ్లి చూసిరావలసిన కాలం, 1914 ఆగస్టు, దాటిపోయింది.

ఈ బండ్లు నూరు ఉన్నా ఆ సామ్రాజ్యం నిలిచేదని నేను అనను. పదకొండు భాషల సైన్యం, సగం మనసుతో కలిసున్న రాజ్యం, రెండు వైపుల యుద్ధం. గలీషియా దారుల్లో ఆ బండ్లు సగం దారిలో కూలబడేవేమో కూడా. కాని కొన్నయినా వెళ్లి వచ్చేవి. పల్లె అవతల దుమ్ము రేగుతోంది, ఆ దుమ్ము డివిజన్ది కాదు, ఒక పూర్తి సైన్యానిది అన్న ఒక్క కబురు ఒక్క రోజు ముందు వచ్చి ఉంటే, ఏదో ఒక రెజిమెంటు ఏదో ఒక అడవి అంచున చావకుండా తిరిగొచ్చేది. యుద్ధాల్లో మిగిలే బతుకులు అలాంటి చిన్న లెక్కల్లోనే మిగులుతాయి.

గుర్రాల సంగతి కూడా చెప్పాలి. ఆనాడు బండి కన్నా విలువైనవని నిలబెట్టుకున్నవి అవే కదా. గలీషియాలో ముట్టడిలో చిక్కుకున్న ప్షెమిష్ల్ కోటలో ఆ చలికాలం తిండి అయిపోయింది. గుర్రాలను వేల సంఖ్యలో కోసి సైనికులకు పెట్టారు. చివరికి 1915 మార్చి 22న కోట లొంగిపోయింది, లక్షమందికి పైగా పట్టుబడ్డారు. ఆ తరవాతి ఏళ్లలో మేత లేదు, కొత్త గుర్రాలు లేవు. అశ్వదళం రెజిమెంటు తరవాత రెజిమెంటు జీను దిగింది. ఉలాన్లు, హుస్సార్లు, డ్రాగూన్లు తమ పాత పేర్లు మాత్రం ఉంచుకుని, కందకాల్లో పదాతి సైనికులై కూర్చున్నారు. ఏ గుర్రాల బెదురు చూసి బండిని తోసేశారో, ఆ గుర్రాలనీ కాపాడుకోలేకపోయారు.

ఫ్రాన్స్ జోసెఫ్ 1916 నవంబర్ 21న షోన్‌బ్రున్ రాజభవనంలో కన్నుమూశాడు. ఆ రోజు కూడా కాగితాల మీద సంతకాలు చేశాడు. రెండేళ్లకి, 1918 నవంబర్‌లో, ఆయన వారసుడు కార్ల్ రాజ్యవ్యవహారాల నుంచి తప్పుకున్నాడు. ఆరువందల ఏళ్లకు పైబడిన హాబ్స్‌బర్గ్ ఏలుబడి అంతటితో సరి.

పౌల్ డైమ్లర్ జర్మనీలో ఇంజన్లు తయారుచేశాడు, 1945 వరకు బతికాడు. తండ్రి పేరు ప్రపంచమంతా మోగుతూనే ఉంది. కొడుకు కట్టిన ఉక్కు బండి పేరు ఆ రంగం చదివేవాళ్లకు తప్ప తెలియదు.

బుర్‌స్టిన్ మొదటి ప్రపంచ యుద్ధంలో తన దేశం ఒక్క ట్యాంకూ లేకుండా ఓడిపోవడం చూశాడు. తరవాత ఆయన చూపు క్రమంగా మందగించింది, 1930ల్లో ఉద్యోగం వదిలేశాడు. ముప్పై ఏళ్ల ముందు జర్మన్ అధికారులు పక్కన పెట్టిన ఊహకి, హిట్లర్ సైన్యం రెండో యుద్ధ కాలంలో ఆయనకొక పతకం తగిలించింది. అది ఏ చేతులు ఇచ్చిన గౌరవమో తలచుకుంటే మనసు ముడుచుకుపోతుంది. 1945 ఏప్రిల్‌లో రష్యన్లు వియన్నా పట్టుకుని డాన్యూబ్ దాటి, ఆయన ఉంటున్న కొర్నాయ్‌బుర్గ్ వైపు వస్తున్నారు. ముందు ట్యాంకులు నడుస్తున్నాయి. గొలుసుపట్టాలు, తిరిగే గుమ్మటం, ముందుకు చాచిన ఫిరంగి, 1911లో ఆయన కాగితం మీద గీసినవే. చూపు లేని ఆ ముసలాయన ఏప్రిల్ 15న ప్రాణం తీసుకున్నాడు.

ఇప్పుడు వియన్నా పక్క ట్స్‌వోల్ఫాక్సింగ్‌లో ఆస్ట్రియా ట్యాంకు దళాల బ్యారక్స్‌కి ఆయన పేరుంది. వియన్నా సైనిక మ్యూజియంలో ఆయన నమూనా ఉంది. పౌల్ డైమ్లర్ బండి మాత్రం ఎక్కడా లేదు, కొన్ని ఫోటోల్లో తప్ప.